ధనుష్కోడిని దెయ్యాల ఊరు అనకండి

రామేశ్వరంలో దర్శనం అయిపోయి, సత్రంలో భోజనాలు కానిచ్చి, మధ్యాహ్నం మూడింటికి మా యాత్ర బస్సు ధనుష్కోడి రోడ్డెక్కింది. ముందు నిలబడి మైకు పట్టుకున్న కుర్రాడు మన తెలుగబ్బాయే. "ఇప్పుడు మనం వెళ్ళేది దెయ్యాల ఊరండీ, చీకటి పడితే అక్కడ ఎవ్వరినీ ఉండనివ్వరు, రైలుతో సహా ఊరు ఊరంతా ఒక్క రాత్రిలో సముద్రంలోకి వెళ్ళిపోయింది" అని మొదలుపెట్టాడు. పిల్లలు కేకలు పెట్టారు. పెద్దవాళ్ళు ఫోన్లు బయటికి తీశారు. నా పక్కన కూర్చున్న మా నాన్న మాత్రం కిటికీ వైపు తిరిగిపోయారు.

మా నాన్న ముప్ఫై ఏళ్ళకి పైగా రైల్వేలో చేశారు. అందులో ఎక్కువ కాలం చిన్న చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా, రోజుకి నాలుగు పాసింజర్లు ఆగి మిగతావన్నీ దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయే స్టేషన్లలో. బస్సు దిగాక ఆయన నేరుగా ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళి, "బాబూ, దెయ్యాల ఊరు అనకయ్యా. ఇక్కడ పోయినవాళ్ళు డ్యూటీలో ఉన్నవాళ్ళు, టికెట్ కొనుక్కుని బండెక్కినవాళ్ళు" అన్నారు. కుర్రాడు మొహమాటపడిపోయి "అందరూ అలాగే అంటారు కదండీ అంకుల్" అన్నాడు. వాణ్ణి అనడానికేముంది, యూట్యూబ్‌లో ధనుష్కోడి అని తెలుగులో కొట్టి చూడండి, వచ్చేవన్నీ అవే. నేను ఈ పోస్టు రాస్తున్నది ఆ మాట కోసమే.

అసలు దెయ్యాల ఊరు అన్నది మన మాట కాదు. ఇంగ్లీషులో ఘోస్ట్ టౌన్ అంటే జనం వదిలేసి వెళ్ళిపోయిన ఊరు, అంతే. గని మూతపడ్డాకో, నీళ్ళు ఇంకిపోయాకో ఖాళీ అయిన ఊళ్ళని వాళ్ళు అలా అంటారు. 1964 తుఫాను తర్వాత మద్రాసు ప్రభుత్వం ధనుష్కోడిని అలా ప్రకటించి, మనుషులు ఉండటానికి పనికిరాదని చెప్పింది. ఆ కాగితం మీది మాట మన టీవీల్లోకి వచ్చేసరికి దెయ్యాలైపోయింది. మనకి ఇలాంటి చోట్లకి మంచి మాటలే ఉన్నాయి. పాడుబడ్డ ఊరు అంటాం. మా అమ్మమ్మ వాళ్ళ ఊరి పొలిమేరలో ఒక పాటిదిబ్బ ఉండేది, ఎప్పుడో వరదకో కలరాకో జనం లేచి వచ్చేసిన పాత ఊరి దిబ్బ. ఎండాకాలంలో బళ్ళ మీద పాటిమన్ను తోలుకుని పొలాల్లో చల్లుకునేవాళ్ళు, నడుస్తుంటే కుండపెంకులు కాళ్ళకి తగిలేవి. దాన్ని ఎవరూ దెయ్యాల దిబ్బ అనలేదు. మన పాత ఊరు అనేవాళ్ళు. ఆ మాటలో ఎంత మర్యాద ఉందో నాకు ధనుష్కోడిలో నిలబడ్డాక తెలిసింది.

సరే, ఊరి సంగతికి వద్దాం, ఎందుకంటే ధనుష్కోడి గురించి చెప్పేవాళ్ళందరూ ఒక రాత్రి గురించే చెప్తారు. ఆ స్టేషన్ యాభై ఏళ్ళు పనిచేసింది. ఆ యాభై ఏళ్ళ గురించి అడిగితే ఎవరి దగ్గరా నాలుగు ముక్కలు ఉండవు.

1914 ఫిబ్రవరి 24న, రామేశ్వరం ద్వీపాన్ని ఇవతలి నేలతో కలిపే పాంబన్ రైలు వంతెన తెరిచారు. సముద్రం మీద రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, మధ్యలో ఓడ వస్తే రెండు వైపులా రెక్కల్లాగా పైకి లేచే షెర్జర్ స్పాన్. ఆ వంతెన ఎందుకు కట్టారంటే మనలో చాలామంది రామేశ్వరం గుడికి వెళ్ళడానికి అనుకుంటాం. ముఖ్యంగా కట్టింది సిలోన్ కోసం, అంటే ఇప్పటి శ్రీలంక. అంతకుముందు మద్రాసు నుంచి కొలంబో వెళ్ళాలంటే తూత్తుకుడి దాకా రైల్లో వెళ్ళి, అక్కడ స్టీమరు ఎక్కి రాత్రంతా సముద్రం మీద ఊగుతూ పోవాలి. ధనుష్కోడి దాకా పట్టాలు వేస్తే సముద్రం మీద ప్రయాణం 35 కిలోమీటర్లకి తగ్గిపోతుంది, అవతల తలైమన్నార్‌లో దిగి మళ్ళీ రైలెక్కొచ్చు. అసలు సిలోన్ దాకా వంతెనే వేసేద్దామన్న ఆలోచన కూడా అంతకు చాలాముందే ఉంది, ఖర్చు చూసి పక్కన పెట్టేసి ఓడతో సరిపెట్టుకున్నారు.

పాంబన్ అప్పట్లో జంక్షన్. అక్కడ దారి చీలి ఒక లైను పది కిలోమీటర్లు రామేశ్వరానికి, ఇంకో లైను ఇరవై నాలుగు కిలోమీటర్లు ధనుష్కోడికి వెళ్ళేవి. మద్రాసు నుంచి సిలోన్ ఓడని అందుకోవడానికి వచ్చే రైలుని బోట్ మెయిల్ అనేవాళ్ళు, అది రామేశ్వరం వైపు తిరగకుండా నేరుగా ధనుష్కోడికే పోయేది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా ఆశ్చర్యం వేసింది. ఇవాళ మనం రామేశ్వరం వెళ్ళి, టైముంటే ధనుష్కోడి కూడా చూసొద్దాం అనుకుంటాం. అప్పట్లో మెయిన్ లైను ధనుష్కోడిది, రామేశ్వరానిది బ్రాంచి లైను.

మద్రాసు ఎగ్మోర్‌లో కొన్న ఒక్క టికెట్ మీద రైలు, స్టీమరు, మళ్ళీ రైలు, కొలంబో దాకా. ధనుష్కోడి స్టేషన్ నుంచి పట్టాలు రేవుకట్ట మీదకి వెళ్ళేవి, రైలు దిగినవాళ్ళు పక్కనే ఆగి ఉన్న ఓడలోకి నడిచి వెళ్ళేవాళ్ళు. ఇర్విన్, గోషెన్ అని సౌత్ ఇండియన్ రైల్వే వాళ్ళ స్టీమర్లు ఉండేవి, ఇద్దరు దొరల పేర్లు. రైలు కంపెనీకే ఓడలు ఉండేవంటే నమ్మబుద్ధి కాదు కానీ అప్పట్లో మామూలే. ఇంత రాకపోకలు ఉన్నచోట కస్టమ్స్ ఆఫీసు ఉంటుంది, పోస్టాఫీసు ఉంటుంది, రైల్వే ఆస్పత్రి, బడి, గుడి, చర్చి ఉంటాయి, కూలీలు ఉంటారు, వాళ్ళకి ఇడ్లీలు అమ్మేవాళ్ళు ఉంటారు. అన్నీ ఉండేవి. రెండు వైపులా సముద్రం, మధ్యలో సన్నటి ఇసుక నాలుక, దాని మీద ఒక ఊరు.

మా నాన్నకి అక్కడ మొదట కనపడింది నీళ్ళ ట్యాంకు. నేనైతే చర్చి గోడలు చూస్తూ నిలబడిపోయాను, అందరూ ఫోటో దిగేది అక్కడే. ఆయన శిథిలాల మధ్య అటూ ఇటూ వెతుక్కుంటూ వెళ్ళి, సగం కూలిన ట్యాంకు కట్టడం కింద నిలబడి, "ఇక్కడ ఇంజనుకి నీళ్ళు పట్టేవాళ్ళు" అన్నారు. ఆవిరి ఇంజను కదా, స్టేషన్‌కి చేరగానే ముందు దానికి దాహం తీరాలి. "ఉప్పునీళ్ళు పోస్తే బాయిలర్ పాడైపోతుందమ్మా, ఇంత ఇసుకలో మంచినీళ్ళు ఎక్కడివి వీళ్ళకి?" అని ఆయనకి ఒకటే సందేహం. కాసేపటికి సమాధానం కళ్ళ ముందే కనపడింది. సముద్రానికి పట్టుమని వంద అడుగులు లేదు, ఒక జాలరి ఆవిడ ఇసుకలో దిగేసిన సిమెంటు ఒర దగ్గర కూర్చుని చిన్న గిన్నెతో నీళ్ళు తోడి బిందెలో పోసుకుంటోంది. నాన్న సైగ చేసి అడిగితే దోసిట్లో పోసింది. తాగి చూశాం, తియ్యటి నీళ్ళు. వాన నీళ్ళు ఇసుకలోకి దిగి, ఉప్పునీటి మీద తేలి నిలుస్తాయట, లోతుకి వెళ్ళకుండా పైపైన తోడుకుంటే ఎప్పుడూ తీపేనట. ఆవిడ తమిళంలో చెప్పింది, నాకు సగం అర్థమైంది, నీళ్ళు నోట్లో పడ్డాక మిగతా సగం అర్థమైంది.

స్టేషన్ గోడల్ని దగ్గరగా చూడండి ఎవరైనా వెళ్తే. అవి మన ఊళ్ళలో లాగా ఇటుకతోనో నల్లరాయితోనో కట్టినవి కావు. చాలావరకు సముద్రంలోంచి తీసిన పగడపు రాయి. పెచ్చులూడిపోయిన చోట రాయి మీద తేనెపట్టులాంటి గళ్ళు కనిపిస్తాయి, కొన్నిటి మీద మెలికలు తిరిగిన గీతలు, ముగ్గు పెట్టినట్టు. ఒకప్పుడు నీళ్ళ అడుగున బతికిన ప్రాణుల గూళ్ళు అవి. చేత్తో తడిమితే గరుకుగా ఉండి, గోరుతో గీకితే పొడి రాలుతుంది. అదే నా భయం. ఏడాదికి ఎన్ని లక్షల చేతులు తడుముతున్నాయో, ఎంతమంది పేర్లు చెక్కుతున్నారో. నేను చూసిన ఒక కమాను మీద తెలుగులోనే ఒక జంట పేర్లు, మధ్యలో బాణం గుర్తు, లోతుగా మేకుతో చెక్కి ఉన్నాయి. సిగ్గేసింది.

ఆ స్టేషన్‌లో దిగినవాళ్ళు ఎవరు? దొరలు, వ్యాపారులు, ఉద్యోగులు ఎలాగూ ఉన్నారు. చాలామంది మాత్రం కూలీలు, తంజావూరు, తిరుచ్చి, రామనాథపురం, మదురై పల్లెల నుంచి సిలోన్ టీ తోటలకి, రబ్బరు తోటలకి వెళ్ళిన తమిళ కుటుంబాలు. వంతెనకి ఇవతల మండపంలో సిలోన్ ప్రభుత్వమే ఒక క్యాంపు నడిపేది, కూలీలని అక్కడ కొన్ని రోజులు ఆపి, కలరా, ప్లేగు లాంటివి లేవని చూసుకున్నాకే ఓడెక్కనిచ్చేవాళ్ళు. మొన్న కరోనాలో క్వారంటైన్ అంటే మనకి కొత్తగా అనిపించింది కానీ ఆ లైను మీద పోయిన కూలీ తల్లులకి, చంకలో పిల్లలకి అది రోజువారీ సంగతి. మనవాళ్ళకి రంగూన్ ఎలాగో వాళ్ళకి సిలోన్ అలాగ. కాకినాడ రేవులోనూ విశాఖ రేవులోనూ ఓడెక్కి బర్మా పోయిన తాతల కథలు మన ఉత్తరాంధ్ర, గోదావరి ఇళ్ళల్లో ఇంకా చెప్పుకుంటారు, విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఇంకా ఉంది. అలాంటి కథలు ధనుష్కోడి ప్లాట్‌ఫారం మీద లక్షల్లో ఉండి ఉంటాయి, వాటిని ఎవరూ మైకులో చెప్పరు.

ఇంక యాత్రికులు. మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ కాశీ యాత్ర అంటే కాశీతో అయిపోయేది కాదని చెప్పేది. ముందు సేతువుకి వెళ్ళాలి. అంటే ఈ ధనుష్కోడికే. రెండు సముద్రాలు కలిసే చోట స్నానం చేసి, ఇసుకతో మూడు లింగాలు చేసి, సేతు మాధవుడు, బిందు మాధవుడు, వేణీ మాధవుడు అని పూజ చేసి, వేణీ మాధవుడి ఇసుకని మూట కట్టుకుని ప్రయాగ తీసుకెళ్ళి త్రివేణిలో కలపాలి, అక్కడి గంగ తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయించాలి. అప్పటికి ఒక చుట్టు పూర్తయినట్టు. ఇప్పుడు చాలామంది రామేశ్వరం అగ్నితీర్థం దగ్గరే ఇసుక తీసేసుకుంటున్నారు. నాయనమ్మకి ఏ చుట్టూ పూర్తి కాలేదు, ఆవిడ గుంటూరు జిల్లా దాటింది తిరుపతికే.

ఇప్పుడు ఆ రాత్రి.

1964 డిసెంబరు 17 ప్రాంతంలో అండమాన్ దగ్గర పుట్టిన వాయుగుండం తుఫానుగా ముదిరి, సిలోన్‌ని దాటుకుని, 22 అర్ధరాత్రి ధనుష్కోడి మీద పడింది. గాలి వేగం గంటకి 280 కిలోమీటర్ల దాకా ఉందని అంచనా. అలలు ఏడు మీటర్లు, అంటే రెండంతస్తుల మేడంత. ఆ రాత్రి 11:55కి పాంబన్‌లో 653 నంబరు పాసింజరు బయల్దేరింది, ఆరు పెట్టెలు, 110 మంది ప్రయాణికులు, ఐదుగురు రైల్వే సిబ్బంది. ధనుష్కోడి ఇంకా కొన్ని వందల మీటర్లు ఉందనగా సిగ్నల్ పడలేదు. డ్రైవరు ఆపాడు. కొంతసేపు చూసి, గట్టిగా విజిల్ వేసి ముందుకి పోనిచ్చాడు. తర్వాత వచ్చిన అల మొత్తం రైలుని ఈడ్చుకుపోయింది. ఒక్కరూ మిగల్లేదు. టికెట్ లేకుండా ఎక్కినవాళ్ళని కూడా కలిపితే రెండొందల దాకా ఉంటారని కొందరంటారు. ఆ తుఫాను మొత్తం మీద పోయినవాళ్ళు 1800 మందికి పైనే అని లెక్క. సినిమావాళ్ళలో మన సావిత్రి, జెమినీ గణేశన్ అప్పుడు రామేశ్వరంలోనే చిక్కుకుపోయారు, పాత తరం వాళ్ళు ఆ తుఫాను అనగానే ముందు ఆ సంగతే గుర్తు చేసుకుంటారు.

చాలా వీడియోల్లో ఇక్కడ ఒక మాట దొర్లుతుంది: డ్రైవరు తొందరపడి రిస్కు తీసుకున్నాడని. ఆ మాట మా నాన్న దగ్గర అన్నప్పుడు ఆయన మొహం మారిపోయింది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "అప్పట్లో అన్నీ చేతి సిగ్నళ్ళమ్మా, క్యాబిన్‌లో లీవరు లాగితే తీగ లాగుతుంది, తీగ లాగితే సిగ్నల్ రెక్క దిగుతుంది, బండి రావచ్చని. తీగ తెగితే రెక్క దానంతటదే అడ్డంగా నిలబడిపోతుంది, అంటే ఆగమని, దీపం ఆరిపోతే అదీ కనపడదు. సిగ్నల్ పడలేదంటే లోపల మనిషి సిగ్నల్ ఇవ్వలేదని కాదు, ఇచ్చే మనిషి లేడని. ఆ డ్రైవరుకి అటు చూస్తే చీకటి, ఇటు చూస్తే సముద్రం, కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది. వెనక్కి పోనిద్దామన్నా అదే కట్ట మీద పోవాలి. స్టేషన్ దగ్గరుంది కదా, లోపలికి పోతే కనీసం నాలుగు గోడలుంటాయని అనుకుని ఉంటాడు. నేనైనా అదే చేసేవాణ్ణి."

నాన్న సర్వీసులో ఒకసారి, నా చిన్నప్పుడు, తుఫాను రాత్రి ఆయన స్టేషన్‌లో కరెంటు, ఫోన్లు అన్నీ పోయి, అవుటర్ సిగ్నల్ బయట ఒక గూడ్సు ఆగిపోయి విజిల్ మీద విజిల్ వేస్తుంటే, ఈయన చేతిలో లాంతరు పట్టుకుని వానలో పట్టాల మీద నడుచుకుంటూ వెళ్ళాడట. క్వార్టర్స్‌లో అమ్మ మమ్మల్ని దగ్గరికి లాక్కుని కూర్చోవడం నాకు లీలగా గుర్తుంది, ఆ విజిల్ బాగా గుర్తుంది. అందుకే ఆ సిగ్నల్ ముందు ఆగిన రైలు కథ నాకు ఎప్పుడూ స్టేషన్ లోపలి నుంచి వినిపిస్తుంది. విజిల్ విని కూడా వెళ్ళలేకపోయినవాళ్ళు కొందరు అక్కడ ఉండి ఉంటారు.

తెల్లవారాక కూడా బయటి ప్రపంచానికి తెలియలేదు. తంతి తీగలు లేవు, వంతెన లేదు. రైలు పోయిందన్న కబురు అధికారికంగా బయటికి రావడానికి రెండు రోజులు పట్టింది.

ఇక్కడి నుంచి నా అసలు వాదన. ధనుష్కోడిని సముద్రం ముంచింది, నిజమే. ధనుష్కోడి స్టేషన్‌ని మూసింది మాత్రం మనుషులు. పాంబన్ వంతెన మీద నూటికి పైగా గర్డర్లు కొట్టుకుపోతే, బాగుచెయ్యడానికి రైల్వే ఆరు నెలలు గడువు పెట్టుకుంది, దాన్ని మూడు నెలలకి తగ్గించారు, ఆ పని చేతికొచ్చిన ముప్ఫై రెండేళ్ళ ఇంజనీరు 46 రోజుల్లో పూర్తిచేశాడు. ఆయనే ఇ. శ్రీధరన్, తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టినాయన. ఆయన ఇంజనీరింగ్ చదివింది మన కాకినాడ కాలేజీలో. ఒక ద్వీపాన్ని మళ్ళీ రైలుతో కలపడానికి 46 రోజులు చాలినప్పుడు, అక్కడి నుంచి ఇంకో ఇరవై నాలుగు కిలోమీటర్ల ఇసుక మీద మళ్ళీ పట్టాలు వెయ్యకపోవడం చేతకాక కాదు. వద్దనుకున్నారు. ఓడల్ని రామేశ్వరం రేవుకి మార్చారు. బ్రాంచి లైను మెయిన్ లైను అయింది.

వద్దనుకోవడంలో తప్పుందా అంటే, ఇక్కడ నేను నిజాయితీగా ఉండాలి. 1977 నవంబరు 19న మన దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు, సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి, అయినా ఎవరూ దివిసీమని నివాసానికి పనికిరాదని ప్రకటించలేదు, జనం అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. 1864లో ఉప్పెన బందరుని ముంచి ముప్ఫై వేలమందిని మింగితే బందరు లేకుండా పోలేదు. కాబట్టి ధనుష్కోడికి ఎందుకు ఇలా చేశారు అని నాకు మొదట్లో కోపం వచ్చేది. కానీ దివిసీమ డెల్టా నేల, వెనక ఊళ్ళున్నాయి, పొలాలున్నాయి. ధనుష్కోడి వెనక ఏమీ లేదు. తుఫానుకి పదిహేనేళ్ళ ముందే, 1948-49లో, ఊరికి దక్షిణం వైపు నేల కొన్ని మీటర్లు కుంగి సముద్రంలో కలిసిందని భూవైజ్ఞానిక సర్వే చెప్పింది. అలాంటి చోట మళ్ళీ ఊరు కట్టమనడం ఇంకో 22వ తారీకుకి జనాన్ని సిద్ధం చెయ్యడమే. ఆ నిర్ణయం సరైనదే అనుకుంటున్నాను ఇప్పుడు. తప్పంతా ఆ తర్వాత జరిగింది. ఉండొద్దు అన్నారు, అంతవరకే ఆగారు. ఉన్నవాళ్ళని మర్చిపోయారు.

ఎందుకంటే జాలర్లు వెళ్ళిపోలేదు. తుఫాను తర్వాత కొన్నాళ్ళకే తాటాకు గుడిసెలు వేసుకుని వచ్చేశారు, చేపలు అక్కడే ఉన్నాయి కాబట్టి. దశాబ్దాల పాటు కరెంటు లేకుండా, రోడ్డు లేకుండా బతికారు. 2017లో ఆ ఇసుక నాలుక చిట్టచివర ఉన్న అరిచల్ మునై దాకా రోడ్డు వేశారు, అప్పటిదాకా వ్యాన్లు ఇసుకలోనూ నీళ్ళలోనూ పడి లేస్తూ వెళ్ళేవి. నేను కాలేజీలో ఉండగా మొదటిసారి వెళ్ళింది అలాంటి వ్యాన్‌లోనే, తల పైకప్పుకి కొట్టుకుని బొప్పి కట్టింది. అంత కష్టపడి బతుకుతున్న మనుషుల ఊరిని, ఆ మనుషుల ముందే, వాళ్ళు అమ్మే గవ్వల దండలు కొంటూ, దెయ్యాల ఊరు అంటున్నాం.

ఇంకో సంగతి చెప్తాను, ఇది ఎవరూ కలిపి చూడరు. తుఫానుకి రెండు నెలలు కూడా లేదు, 1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకె ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. సిలోన్‌లో ఏ పౌరసత్వమూ లేకుండా ఉన్న తోటకూలీల కుటుంబాల్లో 5,25,000 మందిని భారతదేశం తీసుకోవాలని. ఎవరి తాతలైతే ధనుష్కోడిలో ఓడెక్కారో వాళ్ళ మనవలు తిరిగి వచ్చేసరికి ధనుష్కోడి లేదు. వాళ్ళు రామేశ్వరంలో దిగారు, మండపం క్యాంపులోనే మళ్ళీ ఆగారు. పుట్టి పెరిగిన కొండల్ని వదిలి, ఎన్నడూ చూడని స్వదేశానికి. తర్వాత 1984లో శ్రీలంక యుద్ధంతో ఆ రామేశ్వరం ఓడ కూడా ఆగిపోయింది.

అవతలి ఒడ్డున ఏం జరిగిందో చూడండి. తలైమన్నార్ లైను కూడా యుద్ధంలో 1990లో మూతపడింది, పట్టాలు స్లీపర్లు ఏమీ మిగల్లేదు. మన దేశం ఇచ్చిన అప్పుతో, మన రైల్వే సంస్థ ఇర్కాన్ దాన్ని మళ్ళీ కట్టింది, 2015 మార్చిలో మన ప్రధానే వెళ్ళి అక్కడ రైలుకి జెండా ఊపారు. అంటే ఆ పాత టికెట్‌లో సగం ఇవాళ పనిచేస్తోంది, అవతలి సగం. ఇవతల ఎగ్మోర్ నుంచి రాత్రి బయల్దేరే రామేశ్వరం రైలుని జనం ఇంకా బోట్ మెయిల్ అనే పిలుస్తారు. బోటు లేదు.

2019 మార్చిలో రామేశ్వరం నుంచి ధనుష్కోడికి 17 కిలోమీటర్ల చిల్లర కొత్త లైనుకి శంకుస్థాపన జరిగింది. రైలు రాలేదు. నన్నడిగితే రావద్దు. స్టేషన్ మాస్టరు కూతురు ఈ మాట అనడం మా నాన్నకే నచ్చలేదు, బస్సులో తిరిగొచ్చేటప్పుడు మా ఇద్దరికీ దీని మీదే వాదన. ఆయనకి ఆ ట్యాంకు దగ్గర మళ్ళీ ఒక ఇంజను ఆగాలని ఉంది. నాకూ ఆశ లేక కాదు. కానీ పట్టాలంటే కట్ట వెయ్యాలి, కట్ట అంటే నీళ్ళు అటూ ఇటూ కదలకుండా అడ్డం, స్టేషన్ అంటే లాడ్జీలు, హోటళ్ళు, పార్కింగు. ఒక పక్క మన్నార్ సింధుశాఖ, ఇంకో పక్క పాక్ అఖాతం, శీతాకాలంలో ఫ్లెమింగోలు దిగే బురద నేలలు, తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక. రోడ్డు పడ్డాక ప్లాస్టిక్ కవర్లు ఎన్ని పెరిగాయో మొదటిసారికీ రెండోసారికీ తేడా నా కళ్ళతో చూశాను. ఇంకో తుఫాను రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఆ రోజు రైలు నిండా మనలాంటి యాత్రికులుంటారు.

2025 ఏప్రిల్‌లో కొత్త పాంబన్ వంతెన తెరిచారు, మధ్యలో 72.5 మీటర్ల స్పాన్ లిఫ్టులాగా నిట్టనిలువుగా పైకి లేస్తుంది. గొప్ప కట్టడం, మేమూ కిటికీలోంచి నోరు తెరుచుకుని చూశాం. వందల కోట్లు పెట్టి వంతెన కట్టగలిగినవాళ్ళకి నేను అడిగేది చాలా చిన్న ఖర్చు. మిగిలిన ఆ స్టేషన్ గోడల చుట్టూ చెయ్యి ఆనించకుండా ఒక కంచె. పగడపు రాయి పొడి రాలిపోకుండా, ఆ పని తెలిసినవాళ్ళతో కాస్త మరమ్మతు. ఇక్కడ ఏది టికెట్ కౌంటరు, ఏది ప్లాట్‌ఫారం, రేవుకట్ట ఎటు వెళ్ళేది, అని తమిళంలో, సింహళంలో, హిందీలో, వచ్చేవాళ్ళలో మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు కాబట్టి తెలుగులో కూడా, బోర్డులు. కూలీల గురించి ఒక బోర్డు, యాత్రికుల గురించి ఒకటి. తుఫాను గురించి ఒక స్మారక శిల ఉంది, నేను చదివిన దాంట్లో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా కొట్టింది, ఎంత నష్టం జరిగింది అని ఉంది. పేర్లు లేవు. ఆ రాత్రి డ్యూటీ ఎవరిదో రైల్వేకి తెలియకుండా ఉండదు. 653కి డ్రైవరు ఎవరు, ఫైర్‌మన్ ఎవరు, గార్డు ఎవరు, స్టేషన్‌లో మాస్టరు ఎవరు, పాయింట్స్‌మన్ ఎవరు, ఆ పేర్లు ఆ ఇసుకలో రాతి మీద ఉండాలి. ఊళ్ళో పోయిన జాలర్ల పేర్లు వాళ్ళ పిల్లలని అడిగితే చెప్తారు, వాళ్ళు అక్కడే ఉన్నారు.

తిరిగి బస్సెక్కే ముందు నాన్న కనపడలేదు. కుర్రాడు హారన్ కొట్టిస్తున్నాడు, అందరూ ఎక్కేశారు, నాకు టెన్షన్ మొదలైంది. వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే ఆయన స్టేషన్ గోడ పక్కన గొంతుక్కూర్చుని జేబురుమాల్లో ఇసుక ఎత్తుతున్నారు. "సేతువు ఇసుక సంగమం దగ్గర తీసుకోవాలి కదా నాన్నా, ఇక్కడెందుకు?" అన్నాను. "ఇదీ సేతువే" అని రుమాలు నాలుగు కొసలూ కలిపి ముడి వేశారు. ఆ మూట ఇప్పుడు మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. మాఘంలో ప్రయాగకి టికెట్లు చేశాను, ఇద్దరికీ లోయర్ బెర్తులు దొరికాయి.